పుల్లమ్మ నామ మాహాత్మ్యం

తెలుగు చలనచిత్ర పరిశ్రమలోనూ, దానికి ఆనుకుని నివసించే సంపన్న కుటుంబాలలోనూ పేర్ల కొరత తీవ్రంగా ఉన్న సంగతి పాఠకులకు తెలిసిందే. ఆ కొరత తీర్చే బాధ్యతను గత ఇరవై రెండేళ్ళుగా నేను నిర్వహిస్తున్నాను. ఫిల్మ్‌నగర్‌లో ఒక దర్జీ దుకాణం పైన, మెట్లెక్కగానే కుడిచేతి వైపు నా కార్యాలయం. బోర్డు మీద ‘నామవిద్యా విశారద సూర్యప్రకాశరావు’ అని ఉంటుంది. ఆ విశారద బిరుదు నాకెవరిచ్చారని ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడిగితే, బోర్డు రాసిన ఆర్టిస్టు ఇచ్చాడని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. పైన కొంచెం ఖాళీ కనిపిస్తోంది, ఏదో ఒకటి రాయించండి అన్నాడతను.

నిజానికి నేను పాటలు రాద్దామని తెనాలి నుంచి వచ్చినవాణ్ణి. నా మొదటి పాట పల్లవి విన్న సంగీత దర్శకుడు కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించి, “పాట సంగతి తర్వాత చూద్దాం గానీ, మా పాపకి ఓ మంచి పేరు చెప్పండి” అన్నాడు. చెప్పాను. ఆ పాపకి ఇప్పుడు ఇరవై రెండేళ్ళు. పాట సంగతి ఇంకా చూస్తూనే ఉన్నారు.

ఈ వృత్తిలో కష్టం పేరు చెప్పడం కాదు, అర్థం చెప్పడం. జూబ్లీహిల్స్ తల్లిదండ్రుల కోరికలు చాలా న్యాయమైనవి. పేరు రెండక్షరాలే ఉండాలి. భూమ్మీద ఇంకెవరికీ ఉండకూడదు. సంస్కృతంలా వినిపించాలి గానీ విదేశాల్లో నోరు తిరగాలి. ఎవరైనా అర్థం అడిగితే లక్ష్మి గానీ, వెలుగు గానీ, వెన్నెల గానీ రావాలి. వేదంలో ఉందని చెప్పుకోగలగాలి. ఏ వేదం అని వాళ్ళు అడగరు. నాలుగింటిలో ఏదో ఒకదానిలో ఉండకపోతుందా అని నేనూ వెతకను. ఒక పెద్దమనిషి కూతురికి ‘ఝ్యారా’ అని పేరు పెట్టి, ‘తొలి సూర్యకిరణం తాకిన మంచుబిందువు’ అని అర్థం రాసిచ్చాను. మూడు నెలలకు ఆయన ఫోను చేసి, పక్క వీధిలోవాళ్ళు తమ కుక్కపిల్లకు అదే పేరు పెట్టుకున్నారని వాపోయాడు. కుక్కపిల్లకు అర్థం వేరే రాసిచ్చానని చెప్పి ఆయన్ని ఊరడించాను.

నా రిజిస్టరులో ఇలాంటివి నాలుగు వేల పైచిలుకు ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కదానికీ నేను చెప్పిన అర్థం లేదు. ఇది ఎవరి దగ్గరా ఒప్పుకోను. మీరు సాహిత్యం చదివే మనుషులు కాబట్టి, మీవల్ల నా వ్యాపారానికి వచ్చే లాభం గానీ నష్టం గానీ లేదు కాబట్టి చెబుతున్నాను.

ఇక అసలు విషయానికి వస్తాను. రెండేళ్ళ కిందట ఆషాఢ మాసంలో నిర్మాత జగదీశ్ గారు, దర్శకుడు బెన్సన్ గారు నా మెట్లెక్కి వచ్చారు. ఆషాఢంలో పరిశ్రమలో ఎవరూ ఏ పనీ మొదలుపెట్టరు. ఖాళీగా ఉండటం ఇష్టంలేక అందరూ ఆ నెలలో పేర్లు మార్చుకుంటారు. అందువల్ల నాకు అది పంటకాలం.

వాళ్ళ వెనకాల ఒక అమ్మాయి, ఆమె వెనకాల ఆమె తల్లి వచ్చి గోడవారగా నిలబడ్డారు. అమ్మాయికి ఇరవై ఒకటో ఇరవై రెండో ఉంటాయి. కృష్ణానగర్‌లో ఒక గదిలో తల్లీకూతుళ్ళు కిరాయికుంటారు. తల్లి పేరు సత్యలక్ష్మి, అద్దంకి దగ్గర పల్లెటూరు, ఇక్కడ షూటింగుల్లో గుంపులో నిలబడే పని. కూతురు పాటల్లో హీరోయిన్ వెనక నాలుగో వరసలో డాన్సు చేస్తుంది. కొత్త సినిమాకు హీరోయిన్ కోసం బెన్సన్ గారు రెండు వేల మందిని పరీక్షించి, చివరకు ఈ అమ్మాయి దగ్గర ఆగిపోయారట.

“రావుగారూ, ఆడిషన్‌లో ఒక్క సీన్ చేసింది. కెమెరామెన్ ఏడ్చేశాడండీ. నేను కూడా లిటరల్‌గా ఏడ్చాను” అన్నారు బెన్సన్ గారు.

“అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కటే ప్రాబ్లమ్” అన్నారు జగదీశ్ గారు. ఆయన గొంతు తగ్గించి, ఇంట్లో ఎవరికో వచ్చిన జబ్బు పేరు చెప్పినట్టుగా చెప్పారు. “అమ్మాయి పేరు పుల్లమ్మ.”



“పోస్టరు మీద ఆ పేరు వేస్తే పచ్చళ్ళ కంపెనీ అనుకుంటారండీ జనం” అన్నారు ఆయనే మళ్ళీ. “మీరే ఏదో ఒకటి చెయ్యాలి. మంచి పేరు. రెండక్షరాలు.”

నేను రిజిస్టరు తెరిచాను. అమ్మాయి ఒకడుగు ముందుకొచ్చి, “సార్, నేను పేరు మార్చుకోనండీ” అంది.

పరిశ్రమలో ఇటువంటి మాట విని చాలా కాలమైంది. ఇక్కడ ముక్కు మార్చుకుంటారు, పళ్ళు మార్చుకుంటారు, పుట్టిన సంవత్సరం రెండేళ్ళకోసారి మార్చుకుంటారు. పేరు దగ్గర ఆగినవాళ్ళు ఎవరూ లేరు. కారణం అడిగాను. అమ్మాయి తల్లి వైపు చూసింది. తల్లి నేల వైపు చూసింది. చివరకు అమ్మాయే చెప్పింది.

ఆమెకు ముందు ఇద్దరు పుట్టారు. ఒకరు మూడు రోజులకు, ఇంకొకరు మూడు నెలలకు పోయారు. మూడోసారి ఈమె పుట్టగానే నాయనమ్మ పసిగుడ్డును పొత్తిగుడ్డలో చుట్టుకుని బయటికి తీసుకుపోయింది. ఆ రోజు ఊళ్ళో ఎవరిదో పెళ్ళి. భోజనాల బంతులు లేచాక పెంటకుప్ప మీద పారేసిన ఎంగిలి విస్తరాకుల మీద, అంటే పుల్లాకుల మీద, బిడ్డను పడుకోబెట్టి వెనక్కి చూడకుండా వచ్చేసింది. ముందుగా చెప్పి ఉంచిన పొరుగింటి మనిషి పోయి, ఎవరో పారేసిన పిల్ల దొరికిందంటూ తీసుకొచ్చి తల్లి ఒళ్ళో వేసింది. మాకే అక్కర్లేక పారేశాం, ఇంత పనికిరానిదాన్ని నువ్వు మాత్రం ఏం చేసుకుంటావు అని చావుకి చెప్పడమన్నమాట. పుల్లాకుల మీద దొరికింది కాబట్టి పుల్లమ్మ.

“పేరు మారిస్తే దానికి తెలిసిపోద్దని మా అమ్మ భయం సార్” అంది అమ్మాయి. “నేను నమ్ముతానా అంటే నాకే తెలవదు. అమ్మ నమ్ముద్ది. నాకు కాస్త ఒళ్ళు వెచ్చబడినా పేరు పెట్టి పిలుస్తా కూచుంటది. ఇప్పుడు వేరే పేరు పెట్టుకుంటే ఆమె నిద్రపోదండీ.”

ఇదీ నా ముందుకొచ్చిన వ్యవహారం. పేరు మారిస్తే వేషం ఉంటుంది, తల్లికి నిద్ర ఉండదు. మార్చకపోతే తల్లి నిద్రపోతుంది, వేషం పోతుంది. రెండు వేల మందిలో ఒకరికి, జీవితంలో ఒక్కసారి వచ్చే వేషం.

ఇక్కడ నా గురించి ఒక సంగతి చెప్పక తప్పదు. నా అసలు పేరు పుల్లయ్య. నాకు ముందు ముగ్గురు అన్నలు పుట్టారు. వాళ్ళలో ఎవరినీ నేను చూడలేదు. నన్ను పడుకోబెట్టిన ఆకుల్లో పులిహోర మెతుకులు ఉన్నాయనీ, ఒకటి నా చెవిలో దూరిందనీ మా అమ్మ చెప్పేది. చెబుతూ నా చెవి తడిమి చూసేది. పదో తరగతి సర్టిఫికెట్టులో ఇప్పటికీ పుల్లయ్య అనే ఉంది. ఆ సర్టిఫికెట్టు పెళ్ళయిన ఆరేళ్ళకు గానీ మా ఆవిడ మంజులత కంటపడలేదు. “ఇందులో దాచడానికేముందండీ?” అంది ఆవిడ. పాపం, పరిశ్రమ గురించి ఆవిడకు తెలియదు.

కాబట్టి ఆ రోజు ఆ గదిలో పుల్లమ్మ అన్న పేరుకు అర్థం నాకంటే బాగా తెలిసినవాడు లేడు. నా పేరూ అదేనమ్మా అని ఒక్క మాట అని ఉంటే ఆ తల్లి ముఖం ఎలా వెలిగేదో నాకు తెలుసు. నేను మాత్రం కనుబొమలు పైకెత్తి, “ఓహో, ఇలాంటి ఆచారాలు కూడా ఉన్నాయా!” అన్నాను.

తర్వాత కళ్ళు మూసుకుని ధ్యానముద్రలో కూర్చున్నాను. వచ్చినవాళ్ళు అది జ్ఞానం అనుకుంటారు. కళ్ళు తెరిచి, “పేరు మార్చనక్కర్లేదు. అర్థం మారుద్దాం” అన్నాను. జగదీశ్ గారు లేచి నిలబడి నాకు నమస్కారం పెట్టారు.

వారం రోజులు కష్టపడి ఆరు పేజీల పుస్తకం రాశాను. దాని ప్రకారం పుల్లమ్మ అంటే పద్మాల మధ్య ఉదయించిన తల్లి. ఆ పేరుతో పూర్వం ఒక రాణి ఉండేది. పుల్లమాంబిక. గుర్రపు స్వారీ, కత్తిసాము, పద్యరచన ఆమెకు సమానంగా వచ్చు. ఆమె వేయించిన శాసనం కాలగర్భంలో కలిసిపోయింది కాబట్టి చదవడానికి వీలుకాదు. కాలగర్భంలో కలిసిన శాసనాలతో ఉన్న సౌకర్యం ఇంకే శాసనాలతోనూ ఉండదు. రాణిగారికి మరీ ఎక్కువ అన్యాయం జరగకూడదని చివర్లో ఒక చెరువు కూడా తవ్వించాను.

పుస్తకం చదివి అమ్మాయి, “ఇదంతా అబద్ధం కదండీ?” అంది.

“అబద్ధం కాదమ్మా, పబ్లిసిటీ” అన్నాను.

సత్యలక్ష్మికి చదువు రాదు. కూతురు చదివి వినిపిస్తే విని, “పేరు అదే ఉంటది కదా బాబూ? నోటితో పిలిచేది అదే కదా?” అని మాత్రం అడిగింది. అదే ఉంటుందన్నాను. “అయితే మీ ఇష్టం” అంది.

జూబ్లీహిల్స్‌లో ఒక హోటల్లో పరిచయ సభ జరిగింది. జగదీశ్ గారు ప్రసంగించారు. “మన జాతి మరిచిపోయిన మహారాణి పేరును మళ్ళీ మన నాలుకల మీదికి తీసుకొస్తున్నాం. ఇది సినిమా కాదు, సాంస్కృతిక పునరుజ్జీవనం. టీజరు దసరాకి!” అన్నారు. చప్పట్లు మోగాయి. నాకు శాలువా కప్పారు. రాణిగారు మా తాతముత్తాతల ప్రాంతం వారేనని ఇద్దరు పెద్దలు వేదిక ఎక్కి ప్రకటించారు. ఒకాయన రాణిగారిది తమ కులమేనని ఆధారాలతో సహా నిరూపిస్తానన్నాడు. ఆధారాలు నా పుస్తకంలోవే.

ఆ నెలలోనే పుల్లమ్మ పేరుకు గిరాకీ మొదలైంది. ఇరవయ్యేళ్ళలో రెండక్షరాలు తప్ప అడగని జనం, నలుగురైదుగురు డ్రైవర్లను కింద నిలబెట్టి, నా మెట్ల మీద వరసగా కూర్చుని పుల్లమ్మ కావాలన్నారు. ఇంట్లో ‘పుల్యా’ అని పిలుచుకోవచ్చా అని ఒకావిడ అడిగింది. రాణిగారిని చెలికత్తెలు అలాగే పిలిచేవారని చెప్పాను. ఒక చర్మ సౌందర్య వైద్యశాలవారు ‘పుల్లమాంబిక ఫేషియల్’ ప్రవేశపెట్టారు. మంజులత ఆ ప్రకటన చూసి నా వైపు చూసింది. ఆ పూట అన్నంలోకి పచ్చడి మాత్రమే పెట్టింది.

ఇంతవరకు అంతా సక్రమంగా జరిగింది. చెడగొట్టింది ఆ అమ్మాయే.

లాస్య అనే యాంకరు ఆమెను ఇంటర్వ్యూ చేసింది. “మీకు ఆ గ్రేట్ క్వీన్ పేరు పెట్టాలని మీ మదర్‌కి ఎలా అనిపించింది? ఆవిడ హిస్టరీ చదువుకున్నారా?” అని అడిగింది. ఆ ప్రశ్నకు సమాధానం కూడా నేనే రాసిచ్చాను. తల్లి కలలో రాణిగారు తెల్ల గుర్రం మీద కనిపించారని చెప్పాలి. అమ్మాయి నోరు తెరిచింది, మూసుకుంది. మళ్ళీ తెరిచి నిజం చెప్పింది.

“ఆ రాణిగారెవరో నాకు తెలవదండీ. మా అమ్మకి నాకన్నా ముందు ఇద్దరు పిల్లలు పోయారు. నేనైనా బతకాలని పెంటకుప్ప మీద ఎంగిలాకుల్లో పడుకోబెట్టి పెట్టుకున్న పేరు ఇది. దీన్ని రాణిగారి పేరంటుంటే, మా అక్కా మా అన్నా అసలు పుట్టనే లేదన్నట్టుంది. అందుకని చెప్తున్నా.”

అరగంటలో జగదీశ్ గారు ఫోను చేశారు. “మునిగిపోయాం రావుగారూ! పెంటకుప్ప అంది! కెమెరా ముందు పెంటకుప్ప అంది!” అని అరిచారు. ఆ రోజు నా మెట్ల మీద కూర్చున్నవాళ్ళంతా లేచిపోయారు. ఫేషియల్ పేరు మార్చారు. అప్పటికే పేరు పెట్టేసుకున్న ఒక కుటుంబం నా మీద పరువునష్టం దావా వేస్తామంది. నేను ఫోను కట్టేసి, దుప్పటి కప్పుకుని పడుకున్నాను. నాకు జ్వరమని మంజులత అందరికీ చెప్పింది. నాకు మాత్రం, “ఆ పిల్లకున్న ధైర్యంలో చిటికెడు మీకుంటే, మీరు పాటలు రాసి ఉండేవారు” అంది.

మూడో రోజు పొద్దున్నకు ఆ ఇంటర్వ్యూను కోటి మంది చూశారు. కోటి మందీ ఏడ్చారు. తాము ఏడుస్తున్న వీడియోలు తీసి పెట్టారు. వాటిని చూసి ఇంకొంతమంది ఏడ్చారు. జగదీశ్ గారు మళ్ళీ ఫోను చేశారు. ఈసారి గొంతు తడిగా ఉంది. “రావుగారూ, రాణి వద్దండీ. ఎంగిలాకులే కంటిన్యూ చేద్దాం” అన్నారు.

నా రెండో పుస్తకం పన్నెండు పేజీలు. ‘పుల్లమ్మ: మట్టి మహిమ’. రాణిగారి ప్రస్తావన అందులో లేదు.

మెట్ల మీద మళ్ళీ జనం. ఇప్పుడు వాళ్ళకు పేరు ఒక్కటే చాలదు, తంతు కూడా కావాలి. దానికోసం జూబ్లీహిల్స్‌లో ఒక ఈవెంటు సంస్థ వెలిసింది. స్టార్ హోటల్లో, చల్లటి హాల్లో, పూలతో కప్పిన ఒక కృత్రిమ పెంటకుప్ప ఏర్పాటు చేస్తారు. విస్తరాకులు వెండివి. ఎంగిలి మాత్రం ఉండితీరాలని పెద్దలు పట్టుబట్టడంతో, హోటల్ పెద్ద వంటవాడు చేతికి తొడుగు వేసుకుని, చెంచాతో ఒక్కో ఆకు మీద చిటికెడు కేసరి రాస్తాడు. పసిబిడ్డను పట్టుపరుపు మీద పెట్టి, పరుపును ఆకుల మీద పెడతారు. బిడ్డను పారేసి వచ్చే ఘట్టంలో నాయనమ్మ నాలుగు కోణాల నుంచి నాలుగుసార్లు పారేయాలి. ఏదో ఒక టీవీ నటి వచ్చి బిడ్డను ఎత్తుకుంటుంది. పక్కన నిలబడి మంత్రాలు చదివేది నేను. మంత్రాలు కూడా నావే.

నేను చూసిన ఆ పిల్లలెవరికీ ముందు ఏ అక్కా పోలేదు, ఏ అన్నా పోలేదు. కడుపులో పడ్డప్పటి నుంచి ముగ్గురేసి డాక్టర్లు కాపలా కాసిన పిల్లలు. చావు ఆ వీధిలోకి రావాలంటే గేటు దగ్గర ఫోను నంబరు రాసి సంతకం పెట్టాలి. వాళ్ళ కోసం నేను గంటసేపు కళ్ళు మూసుకుని చావును బతిమాలేవాణ్ణి. నా కోసం మా నాయనమ్మ అలా బతిమాలినప్పుడు ఆవిడ దగ్గర మంత్రమేమీ లేదు. ఏడుపు ఉందట.

పేరు ఇంత పెద్దదయ్యాక ఒక చిక్కు వచ్చింది. జగదీశ్ గారు సినిమా పేరే ‘పుల్లమ్మ’ అని మార్చి టైటిలు రిజిస్టరు చేయించారు. బడ్జెట్టు నాలుగింతలు పెంచారు. అప్పుడు అందరూ కూర్చుని చూసుకుంటే, ఆ అమ్మాయి ఆ పేరుకు సరిపోవడం లేదని తేలింది.

“టాలెంట్ గురించి డౌటే లేదు రావుగారూ. కానీ ఈ స్కేల్‌కి ఫేస్ వాల్యూ కావాలి కదా” అన్నారు బెన్సన్ గారు. ఈసారి కూడా ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన చాలా సున్నిత హృదయుడు.

జగదీశ్ గారు విలేఖరుల సమావేశంలో ఇలా ప్రకటించారు. “పుల్లమ్మ అంటే ఒక వ్యక్తి కాదు. ఒక భావన. ఒక భావనను ఒక్క అమ్మాయికి పరిమితం చెయ్యడం మన సంస్కృతికే అవమానం!” ఆ అవమానం జరగకుండా ముంబై నుంచి ఒక నటిని తీసుకొచ్చారు. ఆమెను తెరకు పరిచయం చేసే పేరు కూడా పుల్లమ్మే. ‘ళ’ రాకపోయినా ‘ల’ వచ్చు కాబట్టి ఆమెకు ఆ పేరు పలకడం నేర్పడానికి నాకు రెండు రోజులే పట్టింది.

నేను అభ్యంతరం చెప్పలేదా అని మీరు అడగవచ్చు. చెప్పాను. ఇంట్లో, స్నానాల గదిలో, కొళాయి తిప్పుకుని చాలా గట్టిగా చెప్పాను.

జగదీశ్ గారు మాట మీద నిలబడే మనిషి. సినిమాలో వేషం ఇస్తానన్నారు, ఇచ్చారు. ఆకుల మీది బిడ్డను చూసి అయ్యో అనే ఊరి జనం గుంపులో తల్లీకూతుళ్ళిద్దరినీ నిలబెట్టారు. ఆ అమ్మాయి రాదనుకున్నాను. వచ్చింది. కృష్ణానగర్‌లో గది, తల్లి మందులు, ఇంకేం చేస్తుంది.

ఫిల్మ్‌నగర్ దగ్గర్లోనే పల్లెటూరి సెట్టు వేశారు. నేను నామ సంస్కృతీ సలహాదారు హోదాలో గొడుగు కింద కుర్చీలో కూర్చున్నాను. మొదటి రోజే గొడవయింది. గుంపును చూసుకునే చంటన్న, “ఏయ్ పుల్లమ్మా, గాడ ఏం జేస్తున్నవ్, జర ఎనకకి జరుగు!” అని అరిచాడు. ముంబై అమ్మాయి కారవాన్ మెట్ల మీద నిలబడి ఉంది. తన మీద అలా అరుస్తారా అని ఆమె లోపలికెళ్ళి తలుపేసుకుంది. గంటన్నర షూటింగు ఆగింది.

చంటన్న తల్లీకూతుళ్ళను నా గొడుగు దగ్గరికి తీసుకొచ్చాడు.

“సార్, సెట్ల ఇద్దరు పుల్లమ్మలుంటే నడ్వదంట. ఈ పిల్లకు ఏదన్న ఇంకో పేరు రాసియ్యండి, లిస్టుల ఎక్కిస్త. లేకపోతే రేపటి నుంచి రావొద్దన్నరు. నాది కాదు, పైనుంచొచ్చిన మాట” అన్నాడు. చెడ్డవాడేమీ కాదు, చెబుతూ పక్కకు చూశాడు.

నేను రిజిస్టరు తెరిచాను. అలవాటైన చెయ్యి కదా, ఆగలేదు. చీటీ మీద ఒక పేరు రాసి చాపాను. అమ్మాయి తీసుకోలేదు.

“సార్, మీరు పెద్దోరు. ఒక్క మాట చెప్పండి వాళ్ళకి. పేరే గదా మిగిలింది. గుంపులో నిలబడేదానికి నా పేరు నాకుంటే ఏమైద్ది?”

ఆమె నా ముఖంలోకే చూస్తోంది. నేను చెప్పవలసిందల్లా నాకు తెలుసు. లేచి కారవాన్ దాకా ముప్ఫై అడుగులు నడవాలి. నేను వాచీ చూసుకున్నాను. ఆ వాచీ ఆగిపోయి చాలా రోజులైంది. అయినా శ్రద్ధగా చూశాను.

అమ్మాయి కంపెనీవాళ్ళిచ్చిన పైచీర విప్పి, మడతపెట్టి, చంటన్న చేతికిచ్చింది. కింద ఆమె సొంత చుడీదారు ఉంది. “పదమ్మా” అంది తల్లితో.

సత్యలక్ష్మి కదల్లేదు. ఇన్నాళ్ళలో ఆవిడ నాతో గట్టిగా మాట్లాడింది లేదు. అప్పుడు కూడా గట్టిగా మాట్లాడలేదు. సెట్టు మధ్యలో పేర్చిన విస్తరాకుల వైపూ, వాటి మీద పడుకోబెట్టిన రబ్బరు బొమ్మ వైపూ చూసి, నా వైపు తిరిగింది.

“ఎవరికీ అక్కర్లేని పేరని పెట్టుకున్నాం బాబూ. చావు నమ్మింది. మీరే నమ్మలేదు.”

కూతురు చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. గేటు దాటేదాకా నేను వాళ్ళనే చూస్తూ కూర్చున్నాను. మా అమ్మ గుర్తొచ్చింది. చెయ్యి దానంతట అదే చెవి దగ్గరికి వెళ్ళింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించిందని నిజాయితీగా చెబుతున్నాను. ఆ తర్వాత జేబులోంచి పెన్ను తీసి, ఆ అమ్మాయి పుచ్చుకోని చీటీ వెనకవైపు ఆ మాటలు రాసుకున్నాను. మరిచిపోతానేమోనని.

క్లైమాక్సులో బరువైన డైలాగు ఒకటి తక్కువైందని బెన్సన్ గారు నెల రోజులుగా బాధపడుతున్నారు. చీటీ ఇచ్చాను. చదివి నన్ను కావలించుకుని ఏడ్చారు.

సినిమా ఎంత పెద్ద విజయం సాధించిందో పాఠకులకు చెప్పనవసరం లేదు. ముంబై అమ్మాయి ఆకుల మధ్య మోకాళ్ళ మీద కూలబడి, ఆకాశం వైపు చూస్తూ, “చావు నమ్మింది! మీరే నమ్మలేదు!” అనగానే థియేటర్లు దద్దరిల్లాయి. తెర మీద మాటల రచయితగా నా పేరు పడింది. ఇంత లోతైన మాట మీకెలా తట్టిందని విలేఖరులు అడిగితే, “మట్టిలోంచి వచ్చింది” అన్నాను. ఆ తల్లీకూతుళ్ళు కృష్ణానగర్ గది ఖాళీ చేసి వెళ్ళిపోయారని చంటన్న చెప్పాడు. ఎక్కడికని ఆ వీధిలో ఎవరినడిగినా తెలియలేదట. సినిమా చూశారో లేదో తెలియదు.

మీరు చూశారు. ఆ మాట దగ్గర ముందు కళ్ళు తుడుచుకుని, ఆ తర్వాత చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి దాన్ని వాట్సాప్ స్టేటస్‌గా పెట్టుకున్నారు. కింద నా పేరు, పక్కన రెండు నమస్కారాలు. ఒకరోజంతా ఉంచారు. నేను చూశాను, చాలా సంతోషించాను.